రాత్రి రెండింటికి శంషాబాద్ లో దిగినోళ్ళు ఇంటికెట్లా పోవాలి

పోయిన చలికాలం సంగతి. బెంగుళూరు నుంచి నేనెక్కాల్సిన రాత్రి ఫ్లైటు లేటై లేటై శంషాబాద్ లో దిగేసరికి రెండు దాటింది, భుజానికి ఒక బ్యాగు తప్ప సామాను లేదు కాబట్టి గబగబా బయటకొచ్చి ఫోన్ లో క్యాబ్ చూస్తూ నిలబడ్డా. పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించి తలెత్తితే ఒక పెద్దాయన, యాభై ఐదు అరవై మధ్య ఉంటాయి, ట్రాలీ పట్టుకుని నా వంకే చూస్తున్నాడు. ట్రాలీ మీద పెద్ద అట్టపెట్టె. పసుపు రంగు ప్లాస్టిక్ తాడుతో అడ్డంగా నాలుగు వరసలు, నిలువుగా నాలుగు వరసలు బిగించి కట్టి ఉంది, ముడి పడ్డ ప్రతిచోటా టేపు చుట్టారు, పైన నల్ల మార్కర్ తో పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు, ఇంగ్లీషులో ఒకసారి తెలుగులో ఒకసారి. తెలుగు అక్షరాలు ఎవరో చేయి తిరిగినోళ్ళు రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి.

"తెలుగొస్తదా బిడ్డా?" అన్నాడు ముందు. వస్తదన్నాక, "జేబీఎస్ కు పోవాలె, బస్సు ఏడ ఆగుతది?" అన్నాడు. జేబీఎస్ అంటే సికింద్రాబాద్ లోని జూబ్లీ బస్ స్టేషను, మా వైపు బస్సులు బయల్దేరేది అక్కడినుంచే.

ఆ పెట్టె మీదున్న మండలం మా పక్క మండలం. మాది జగిత్యాల వైపు, మా ఇంట్లోనే ఇద్దరు బాబాయిలు దుబాయ్ పోయినోళ్ళు, ఇట్లాంటి పెట్టెలు అటక మీద చూస్తూ పెరిగినోణ్ణి, కాబట్టి ఇక ఆయన్ని అక్కడ వదిలేసి క్యాబ్ ఎక్కడం నావల్ల కాలేదు. మూడేళ్ళ తర్వాత వచ్చాడంట. అక్కడి సిమ్ ఇక్కడ పలకట్లేదు, పాత ఇండియా సిమ్ రీఛార్జ్ లేక ఎప్పుడో బందైపోయింది. ఫోన్ లేనోడికి యాప్ లేదు, యాప్ లేనోడికి క్యాబ్ లేదు. బయట తిరుగుతున్న ఒక డ్రైవరు జేబీఎస్ కి రెండువేల ఎనిమిదొందలు అడిగాడంట. "అండ్ల సగమిస్తే మా ఊరికి వోతనే" అన్నాడు పెద్దాయన. కోపం లేదు ఆ మాటలో, లెక్క చెప్పినట్టు చెప్పాడు అంతే.

ఇంటోళ్ళు ఎందుకు రాలేదని అడిగా. కొడుకు కారు మాట్లాడతానంటే తనే వద్దన్నాడంట. ఇది మా వైపు అందరికీ తెలిసిన ఖర్చే. గల్ఫ్ నుంచి మనిషి వస్తున్నాడంటే ఊళ్ళో ఒక బండి మాట్లాడాలి, రాత్రంతా డ్రైవింగ్ కాబట్టి తోడు ఇద్దరు రావాలి, డీజిలు, టోలు, దారిలో తిండి, ఒకవేళ ఫ్లైటు లేటైతే వెయిటింగ్. మా పెద్దబాబాయి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మేం ఏడుగురం తవేరాలో వెళ్ళాం, పొద్దున అయిదింటికి ఆయన బయటికొచ్చాడు, మా పిన్ని రాత్రంతా ఆ బండిలోనే కూర్చుని ఉంది. తర్వాత లెక్క చూసుకుంటే ఆ ఒక్క రాత్రి ఖర్చు ఆయన అక్కడ పది పదిహేను రోజులు ఎండలో పనిచేస్తే వచ్చే డబ్బు. అప్పుడు నాకు అది సంబరం లాగే అనిపించింది, ఖర్చు అని ఇప్పుడే అర్థమవుతోంది.

సరే, ఆయన్ని పుష్పక్ బస్సు దగ్గరికి తీసుకెళ్ళా. చాలామందికి తెలీదేమో, ఆర్టీసీ వాళ్ళ ఈ ఏసీ బస్సులు ఎయిర్‌పోర్టు నుంచి సిటీలోకి రాత్రీ పగలూ తిరుగుతాయి, 2019 నుంచి వీటిల్లో ఎలక్ట్రిక్ బస్సులు కూడా వచ్చాయి, చప్పుడు లేకుండా పోతాయి, సీట్లు బాగుంటాయి, పెట్టెలు పెట్టుకోడానికి లోపలే చోటుంటుంది, టికెట్టు చూస్తే క్యాబ్ కంటే చాలా తక్కువ. అర్ధగంట దాకా చలిలో నిలబడ్డాం. బస్సొచ్చాక డ్రైవరే దిగొచ్చి పెట్టెకి ఒక చెయ్యి వేశాడు. "ఏమున్నయ్ కాకా ఇంత బరువు" అంటే పెద్దాయన "మా మనుమరాలికి బొమ్మలు, పాల డబ్బలు, జెండుబామ్" అన్నాడు. బస్సులో మేం కాక ఇంకో నలుగురు ఉన్నారు. అందులో ముగ్గురు ఎయిర్‌పోర్టులో పనిచేసి డ్యూటీ దిగినోళ్ళు.

ఆ బస్సు దాదాపు ఖాళీగా పోవడమే నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. బయట అరైవల్స్ దగ్గర వందల మంది నిలబడి ఉన్నారు, అందులో పావు వంతు మందికి ఈ బస్సు సరిగ్గా సరిపోయేది. వాళ్ళకి అది ఉందని తెలీదు, తెలిసినా ఎక్కడాగుతుందో తెలీదు, అదీ తెలిసినా ఎప్పుడొస్తుందో తెలీదు. లోపల బ్యాగుల బెల్టు దగ్గర నిలబడ్డ ఇరవై నిమిషాలు ఊరికే గోడల మీద ఫ్లాట్ల ప్రకటనలు చూస్తూ గడుపుతాం కదా, అక్కడే ఆ గోడ మీదే తెలుగులో పెద్ద అక్షరాలతో "జేబీఎస్ కి తర్వాతి బస్సు ఇన్ని గంటలకి, ఇంత టికెట్టు, ఈ గేటు బయట" అని ఒక బోర్డు ఉంటే ఆ పెద్దాయన నన్ను అడగాల్సిన పనేముంది?

మనం ఎయిర్‌పోర్టు రోడ్డు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా దూరం గురించి మాట్లాడతాం. నిజమే, బేగంపేట ఉన్నన్నాళ్ళూ ఆ బాధ లేదు, ఊరి నడిబొడ్డున విమానం దిగేది, గేటు బయటికొస్తే ఆటో, నాలుగడుగులేస్తే సిటీ బస్సు, లోకల్ రైలు స్టేషను కూడా అక్కడే. 2008 మార్చిలో అది మూసి, అయిదున్నర వేల ఎకరాల్లో కట్టిన శంషాబాద్ తెరిచారు. పెరిగే ఊరికి అది కావాల్సిందే, నేనేం కాదనను, బేగంపేట ఇవాళ్టి రద్దీని మోయగలిగేది కాదు. కానీ కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం పోయినప్పుడు ఆ దూరాన్ని ఎవరి కోసం దగ్గర చేశాం అన్నది చూడండి. 2008 చివర్లోనే గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరిచారు. 2009 అక్టోబర్ లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే. రెండూ గొప్ప రోడ్లే, నేనూ వాటి మీద తిరుగుతా. అవి కారున్నోడికి, కారు మాట్లాడుకోగలిగినోడికి వేసిన రోడ్లు.

పీవీ ఎక్స్‌ప్రెస్ వే కింద ఎప్పుడైనా సాయంత్రం ఆరింటప్పుడు నిలబడి చూశారా? అత్తాపూర్ లో అడ్రసు అడిగితే పిల్లర్ నంబర్ చెప్తారు, ఆ ఫ్లైఓవర్ ఆ ఊళ్ళోళ్ళకి అంతగా అలవాటైపోయింది, షాపులు, ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్ళు అన్నీ పిల్లర్ నంబరు లెక్కనే. పైన కార్లు రయ్యిమని పన్నెండు పదిహేను నిమిషాల్లో దాటేస్తాయి. కింద అదే దారిలో స్టాపు స్టాపుకీ ఆగే సిటీ బస్సు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ చేరడానికి ముక్కుతూ మూలుగుతూ ఉంటుంది. ఒకే దారి, ఒకే పిల్లర్లు. ఎయిర్‌పోర్టులో ఊడ్చేవాళ్ళు, సామాన్లు ఎక్కించేవాళ్ళు, టీ కాఫీ అమ్మే పిల్లలు, సెక్యూరిటీ వాళ్ళు కింది దారిలో వస్తారు. ప్రయాణికుడు ఏడాదికి రెండుసార్లో ఇరవై సార్లో వస్తాడు, ఎయిర్‌పోర్టుకి రోజూ వచ్చేది మాత్రం ఈ పనోళ్ళే, ఈ లెక్క మాత్రం ఎవరి ప్లాన్ లోనూ మొదటి పేజీలో కనపడదు.

అందుకే మెట్రో దారి మార్చినప్పుడు మా ఆఫీసులో అందరూ తిడుతుంటే నేనొక్కణ్ణే సంతోషపడ్డా. ముందు ప్లాన్ ఏంటంటే రాయదుర్గం నుంచి ఔటర్ పక్కనుంచి ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రో, 6,250 కోట్ల అంచనా, 2022 డిసెంబర్ లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన కూడా చేశారు. ఏడాది తర్వాత ప్రభుత్వం మారింది, రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక ఆ ప్లాన్ పక్కన పెట్టారు. కొత్త దారి నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్, 36.8 కిలోమీటర్లు. ఇంకో నాలుగు దారులు కలిపి మొత్తం 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు, 2024 లో కేంద్రానికి పంపారు.

మా టీమ్ లో కుర్రాళ్ళు అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. ఎక్కువ సార్లు విమానం ఎక్కేది హైటెక్ సిటీ వాళ్ళే, వాళ్ళకి స్టేషను పక్కనే ఉంటే రైలు నిండుతుంది, రైలు నిండితే నడిపేవాళ్ళకి డబ్బులొస్తాయి, అవన్నీ ఒప్పుకుంటా. కానీ గచ్చిబౌలి నుంచి శంషాబాద్ కి ఔటర్ మీద ఇప్పటికే అరగంట. అక్కడ రైలు వేస్తే ఆ అరగంట కాస్తా ఇరవై ఆరు నిమిషాలవుతుంది, అంతే. అదే ఎల్బీనగర్ చూడండి, విజయవాడ నుంచి, సూర్యాపేట నుంచి, నల్గొండ నుంచి బస్సులో వచ్చినోడు మొదట దిగేది అక్కడే. అమెరికా పోయే కొడుకుని సాగనంపడానికి రెండు సూట్‌కేసులూ ఊరగాయ జాడీలూ వేసుకుని వచ్చే తల్లిదండ్రులు ఎంతమందో. అక్కడ ఇప్పటికే మియాపూర్ కి పోయే మెట్రో ఉంది, అది ఊళ్ళోని పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ మీదుగా పోతుంది. నాగోల్ లో దిగితే సికింద్రాబాద్ వైపు మెట్రో ఉంది. చాంద్రాయణగుట్ట అంటే పాతబస్తీ, ఇన్నేళ్ళుగా మెట్రో కోసం ఎదురుచూస్తున్న జనం. అంటే ఈ దారి ఎయిర్‌పోర్టుని ఒక్క ఆఫీసుల పేటకి కాకుండా ఊరికి, ఊరి బస్టాండ్లకి కలుపుతుంది. నలభై నిమిషాలు పట్టనీ, గంట పట్టనీ, నాకు పర్లేదు.

నేను ఢిల్లీలో ఇది కళ్ళారా చూశా. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగి బ్రిడ్జి ఎక్కి అజ్మీరీ గేటు వైపు దిగితే ఎయిర్‌పోర్టు మెట్రో స్టేషను, మూడో టెర్మినల్ కి ఇరవై నిమిషాలు, నేనెక్కినప్పుడు అరవై రూపాయలు. రైలు స్టేషన్ నుంచి విమానం దాకా ఆటో, క్యాబ్ ఎక్కకుండా పోవచ్చు. అది కూడా పడుతూ లేస్తూనే వచ్చింది, 2011 లో మొదలుపెట్టి, లోపాలు బయటపడి 2012 లో నెలల తరబడి మూసేశారు, 2013 లో ప్రైవేటు వాళ్ళు తప్పుకుంటే ఢిల్లీ మెట్రోనే తీసుకుని నడిపింది. చెన్నైలో 2016 నుంచి ఎయిర్‌పోర్టు బయటే మెట్రో ఉంది, సెంట్రల్ స్టేషన్ కి పోతుంది. మన దగ్గర మాత్రం ఎయిర్‌పోర్టు తెరిచి ఇన్నేళ్ళయినా పట్టాలు లేవు, 2023-24 లో రెండున్నర కోట్ల మంది ఇక్కడినుంచి రాకపోకలు సాగించినా లేవు.

పట్టాలు అసలే లేవా అంటే, అదీ చెప్పాలి. ఎంఎంటీఎస్ రెండో దశ అనుకున్నప్పుడు లోకల్ రైలు ఎయిర్‌పోర్టు దాకా పోవాలన్నదే మాట. 2023 ఏప్రిల్ లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా వచ్చింది, అక్కడే ఆగింది. ఉందానగర్ నుంచి టెర్మినల్ ఎంత అనుకుంటున్నారు, అయిదారు కిలోమీటర్లు. ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్ళి చూశా. సికింద్రాబాద్ లో ఎక్కా, కాచిగూడ, మలక్‌పేట, ఫలక్‌నుమా, తర్వాత శివరాంపల్లి, బుద్వేల్, ఆఖర్న ఉందానగర్. టికెట్టు ఇరవై రూపాయల లోపే. ప్లాట్‌ఫాం కొత్తగా, శుభ్రంగా ఉంది, వేపచెట్టు కింద బెంచీ మీద ఒక ముసలామె జామకాయలు పెట్టుకుని కూర్చుంది. బయటికొచ్చి ఎయిర్‌పోర్టు బస్సెక్కడ అని అడిగితే ఆమె నవ్వి, "బస్సెక్కడిది బిడ్డా, ఆటో మాట్లాడుకో" అంది. ఆటో అతను రెండొందల యాభై అడిగి, "లోపటి దాకా రానన్నా, మెయిన్ రోడ్డు మీద దింపుత" అన్నాడు. నేను ఊరికే చూడ్డానికి వెళ్ళా కాబట్టి సరిపోయింది. తాడుకట్టిన పెట్టెతో ఆ మెయిన్ రోడ్డు మీద దిగినోడు ఏం చేస్తాడు?

ముప్ఫై కిలోమీటర్లు పదిహేను ఇరవై రూపాయలకి వచ్చి, చివరి అయిదు కిలోమీటర్ల దగ్గర దారి తెగిపోవడం. ఆ అయిదు కిలోమీటర్లకి మెట్రో అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు, రైలు వచ్చే టైముకి స్టేషను బయట నిలబడే రెండు చిన్న బస్సులు చాలు. రైలు టికెట్టుతోనే ఎక్కనివ్వాలి, డబ్బు తర్వాత వాళ్ళూ వాళ్ళూ చూసుకోవచ్చు. రైళ్ళు తక్కువ, గంటల తరబడి ఉండవు, ఎవరెక్కుతారు అంటారేమో. ఎక్కడానికి వీల్లేని దారిలో జనం లేరని రైళ్ళు తక్కువ నడపడం, రైళ్ళు తక్కువని జనం రాకపోవడం, ఈ ముడి ఎవరో ఒకరు ముందు విప్పాలి కదా, విప్పాల్సింది చేతిలో బస్సులున్నవాళ్ళే, టికెట్టు కొనేవాడు కాదు.

ఇంకో మాట కూడా ఉంది, మెట్రో వస్తే అన్నీ తీరిపోతాయని గంపెడాశ పెట్టుకున్నవాళ్ళకి నచ్చదు. మెట్రో రాత్రి పదకొండు దాటాక ఉండదు, పొద్దున ఆరింటిదాకా మళ్ళీ రాదు. గల్ఫ్ ఫ్లైట్లు చాలానే ఆ మధ్యలో దిగుతాయి. రేపు 36.8 కిలోమీటర్లూ కట్టేసి రిబ్బన్ కత్తిరించినా రెండింటికి దిగిన పెద్దాయనకి మళ్ళీ బస్సే దిక్కు. అందుకే రాత్రి బస్సుల గురించి ఇప్పుడే మాట్లాడాలి అంటున్నా. ఏ రాత్రి ఏ ఫ్లైటు ఎన్నింటికి దిగుతుందో, అందులో ఎంతమంది ఉన్నారో ఎయిర్‌పోర్టు వాళ్ళకి ముందే తెలుసు. ఫ్లైటు దిగిన గంటకి ఒక బస్సు నేరుగా జేబీఎస్ కి, ఒకటి ఎంజీబీఎస్ కి. జేబీఎస్ లో తెల్లారుజామున కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ బస్సులు బయల్దేరే టైముకి అందేట్టు. బస్సులో టికెట్టు నోటు ఇచ్చి తీసుకోగలగాలి, ఫోన్ లేదని ఎవర్నీ దింపెయ్యకూడదు. ఇంతే నేను అడిగేది.

నాకు బాధనిపించే విషయం ఒకటి రాయకుండా ఉండలేను. గల్ఫ్ లో చనిపోయినోళ్ళ శవపేటిక ఇదే ఎయిర్‌పోర్టుకి వస్తుంది, అక్కడినుంచి ఊరికి తీసుకెళ్ళడానికి ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ ఇస్తుంది. మంచి పని, మా పక్క ఊళ్ళో ఒక కుటుంబానికి అది ఎంత ఆసరా అయిందో నేను చూశా, దాన్ని ఒక్క మాట అనను. ఎవరో ఒక అధికారి ఒకరోజు కూర్చుని, ఆ పేటిక ఎయిర్‌పోర్టు గేటు నుంచి ఇంటి గడప దాకా ఎట్లా పోతుంది అని ఆలోచించారు కాబట్టే అది జరిగింది. నడిచొచ్చినోడి గురించి కూడా అట్లాగే ఒక పూట కూర్చుని ఆలోచించమంటున్నా. పంపిన డబ్బుతో ఊళ్ళో ఇళ్ళు లేచాయి, పిల్లలు ఇంజనీర్లయ్యారు, అందులో నేనూ ఒకణ్ణి, నా ఫీజుల్లో రెండేళ్ళవి చిన్నబాబాయి కట్టినవి.

ఆ రాత్రి జేబీఎస్ లో దిగేసరికి నాలుగు దాటింది. ఊరి బస్సుకి ఇంకా టైముంది, టీ కొట్టు దగ్గర పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాం. నా ఫోన్ నుంచి ఇంటికి కలిపిస్తే, "జేబీఎస్ ల ఉన్న, బస్సెక్కుత, నువ్వు పండుకో" అన్నాడు. అవతల ఆమె పడుకోలేదని నాకే వినపడుతోంది. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు, జేబులో ఉన్న దిర్హాముల మధ్యలోంచి మూడేళ్ళ కింద దాచుకున్న వంద నోటు తీసి ఇచ్చాడు.

వచ్చే నెల చిన్నబాబాయి సెలవు మీద వస్తున్నాడు, తెల్లారుజామున మూడూ నలభైకి ఫ్లైటు. పిన్ని అప్పుడే కారు మాట్లాడమని ఫోన్ చేసింది. వద్దన్నా. నేను రాత్రి పుష్పక్ లో పోయి అరైవల్స్ దగ్గర నిలబడతా, ఆయన బయటికొచ్చాక జేబీఎస్ దాకా తీసుకొచ్చి పొద్దున జగిత్యాల బస్సెక్కిస్తా అని చెప్పా. "బస్సు ఉంటదా ఆ టైముకు?" అని మూడుసార్లు అడిగింది.